లైనింగ్ అంటే లైనింగే

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్ని, అందులో కూడా రాయలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనర్ మామ చెప్పిన సాయంత్రం, అమ్మ కుట్టుమిషన్ మీద తల ఆనించి ఏడుస్తుంటే, పక్కన నిలబడ్డ నాకు లోపల సంతోషం కలిగింది. పెద్ద సంతోషమేం కాదు. చాలాసేపు ఆగిన బస్సు కదలగానే కిటికీలోంచి మొహానికి తగిలే గాలి లాంటిది. ఎక్కడికో తెలియదు, కానీ కదులుతున్నాం అనిపించింది. వెంటనే అమ్మ వీపు మీద చెయ్యి వేశాను.

మాది ఉప్పల్ పాత ఊరి అంచు. నాచారం పోయే రోడ్డుకు దగ్గర ఒక సందు, సందు చివరి ఇల్లు. ముందు రెండు గదుల్లో మేము అద్దెకుండేవాళ్లం, వెనక భాగంలో ఓనర్ మామ వాళ్లు. నాచారం ఫ్యాక్టరీలో పని దొరికి జనగామ వైపు నుంచి వచ్చినప్పుడు నాన్న మమ్మల్ని దింపిన ఇల్లు అదే. నాన్న పోయాక కూడా అక్కడే ఉన్నాం. ముందు గదిలో, వీధి కిటికీ పక్కన అమ్మ మిషన్. అమ్మ లైనింగ్ వేసి కుట్టిన జాకెట్ ఉతికినా ముడతపడదని పేరు. మా ఇంటి నంబరు ఎవరికీ తెలియదు. “సందు చివర లైనింగ్ జాకెట్లామె” అని అడిగితే రామంతాపూర్ నుంచి వచ్చిన వాళ్లకు కూడా దారి చూపించేవాళ్లు. అందుకని ఆ కిటికీ పోవడమంటే అమ్మకు ఇల్లు ఒక్కటే పోవడం కాదు.

నాకు మాత్రం ఆ ఇంట్లో కాళ్లు నిలిచేవి కావు. ఏదో ఒక పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని, నాలుగు పేజీలు చదివి లేచేదాన్ని, వేపచెట్టు పక్కన గేటు దాకా పోయి వచ్చేదాన్ని. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తుండేదాన్ని. షేర్ ఆటో ఉన్నా నడిచే పోయేదాన్ని. నడుస్తుంటే ఎవరూ మాట్లాడించరు, అదీ ఒక కారణం. కొత్తవాళ్లు పలకరిస్తే నా గొంతు సగంలోనే ఆగిపోయేది.

తెలంగాణ ఇంకా రాలేదు. ఇవాళ బందా, రేపు బందా అని పొద్దున్నే ఒకరినొకరు అడుగుతుండేవాళ్లు. మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. ఉప్పల్ రోడ్డంతా రేకులు, రేకుల వెనక గుంటలు. ఒకచోట పూడ్చితే ఇంకొకచోట తవ్వేవాళ్లు. నాగోల్ పోయే బస్సు ఏ రోజు ఎటు తిరిగి పోతుందో డ్రైవర్‌కే తెలిసేది కాదు. తవ్వడమంటే ఎప్పుడు మొదలవుతుందో చెప్పగలరు గానీ ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పలేరని అప్పట్లో మాకందరికీ అర్థమైపోయింది.

మా ఇంట్లో గొడవ వాసనతో మొదలైంది. స్నానం చేసిన నీళ్లు పోకుండా బాత్రూంలోనే నిలిచేవి. మా నడిమి గదిలో రెండు మూడు షాబాదు బండలు కుంగి, అంచుల్లో చెమ్మ ఊరేది. చివరికి ఓనర్ మామ వాళ్ల నీళ్ల సంపులో కూడా వాసన వచ్చింది. వెనక బాత్రూంల నుంచి వీధి చాంబర్ దాకా డ్రైనేజీ పైపు మా గదుల కిందనుంచే పోతుంది. మామ మేస్త్రీని తెచ్చాడు. మేస్త్రీ గడ్డపారతో బండల మీద అక్కడక్కడ కొట్టి చూసి, “కింద పైపు వగిలింది పటేలా. బండలన్ని లేపాలె, ఈ గోడ కింద గూడ తవ్వాలె,” అన్నాడు.

మామ చెడ్డవాడు కాదు. ఆ ఊరి పాత కాపు. పొలాలు ప్లాట్లయిపోయినా భుజం మీద కండువా, పొద్దున్నే లేచి ఏదో ఒకటి చూసి రావాలన్న తొందర మాత్రం పోలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి అమ్మతో చెప్పాడు.

“సెల్లే, రెండు నెల్లు యాడనన్న సూసుకోన్రి. పని అయినంక మల్ల రాండ్రి. సంపుల గలీజు నీళ్లొస్తున్నయ్, నేను మాత్రం ఏం జేయాలె?”

“నువ్వేం జేస్తవ్ లే అన్నా,” అంది అమ్మ. ఆయన వెళ్లాక మిషన్ మీద తల పెట్టింది. “మల్ల రమ్మన్న ఇంటికి మల్ల ఎవలన్న వొయిన్రా బిడ్డా? మెట్రో వస్తుందని ఒక్కొక్కలు కిరాయిలు ఎట్ల వెంచుతున్నరో సూస్తలేవా? బండలు కొత్తయి ఏస్తే మనకిస్తడా?”

ఆ సాయంత్రమే నాకు గాలి తగిలింది.

మా షెడ్డులో ఫ్యాక్టరీల దుమ్ము వడపోసే సంచులు కుట్టేవాళ్లు. మందమైన ఫెల్ట్ బట్ట, కంబళిలా ఉంటుంది. ఆ నెలలో కొత్తరకం ఆర్డరు వచ్చింది. సంచులు కాదు, రెండు వైపులా తెరిచి ఉన్న పొడవాటి గొట్టాలు. పగిలిన పైపులను తవ్వకుండా బాగుచేసే కంపెనీ కోసం. దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో ఆ పని చేస్తున్నారట. ఇక కాలనీల్లో ఇళ్లకు కూడా చేద్దామనుకుని, జనానికి పంచడానికి తెలుగులో ఒక కాగితం కావాలన్నారు. మా సార్ ఇంగ్లిషు కాగితం నా టేబుల్ మీద పెట్టి, “నీకు తెలుగు మంచిగొస్తది గద, రాసెయ్యమ్మా,” అన్నాడు.

నాకు తెలుగు వచ్చని ఆయనకెలా తెలిసిందో తెలియదు. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు పుస్తకం టేబుల్ కింద పెట్టుకుని చదివేది చూసి ఉంటాడు. ఆ మాట అనగానే నాకు బాధ్యత లాంటిదేదో పట్టుకుంది. ‘ట్రెంచ్‌లెస్’కు నిఘంటువు చూశాను. ట్రెంచ్ అంటే కందకం. పైప్ అంటే నాళం. లైనింగ్ దగ్గర చాలాసేపు ఆగి, చివరికి కవచం అని పెట్టాను. కాగితం పైన పెద్ద అక్షరాల్లో “కందకరహిత నాళాంతర కవచ విధానం” అని టైపు చేసి, కుర్చీ వెనక్కి జరిపి, దూరం నుంచి కూడా చూసుకున్నాను.

ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. అంబర్‌పేటలో ఒకటి చూశాం, కిటికీ లేదు. ఇంకొకచోట మిషన్ చప్పుడు పడదన్నారు. ఆదివారం తిరిగి తిరిగి వచ్చాక అమ్మ హుక్కులు కుడుతూ, “ఏమన్న సదువు, కాళ్ల నొప్పులు మర్సిపోత,” అంది. చేతిలో ఉన్న కాగితమే చదివాను.

“కందకరహిత...”

“ఏంది? యుద్ధమా?”

“కాదమ్మా. పైపు పగిలితే నేల తవ్వకుండ బాగు జేసుడు.”

“తవ్వకుండ ఎట్ల జేస్తరు?”

చెప్పాను. ముందు పైపు లోపల కడుగుతారు, కెమెరా పంపి చూస్తారు. గట్టిపడే జిగురు మందు పట్టించిన బట్ట గొట్టాన్ని ఒక చివర నుంచి గాలితోనో నీళ్లతోనో తోస్తారు. అది తిరగబడుతూ పోయి పైపు గోడకు అతుక్కుంటుంది. వేడి తగిలితే గట్టిపడుతుంది. పాత పైపు లోపల అతుకు లేని కొత్త పైపు.

అమ్మ సూది ఆపింది. “అంటే పైపుకు లైనింగ్. గంతేగద. పైబట్ట జీరుకపోయినా లోపల లైనింగ్ గట్టిగుంటే జాకెట్ ఇంకెన్నో ఏండ్లు తొడుగుతరు. గీ ముక్కకు కందకాలు, కవచాలు ఎందుకే? లైనింగ్ అంటే లైనింగే.” దారం తెంపి, “మన పైపుకు ఏస్తరా?” అని అడిగింది.

నమ్మండి, అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నేను రాసిన నాళం ఎక్కడో పుస్తకంలో ఉంది, మా మంచం కింద పగిలిన పైపు ఇంట్లో ఉంది. ఆ రెండూ ఒకటేనని అమ్మ అంటే గానీ తెలియలేదు. తెలిసిన క్షణంలో, ఆ బస్సు గాలి ఆగిపోయింది. మళ్లీ అదే సందు, అదే కిటికీ. కానీ అమ్మ నా మొహం వైపే చూస్తోంది.

మర్నాడు సార్‌ను అడిగాను. అడగడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. కంపెనీ వాళ్లకు చూపించుకోవడానికి ఒక ఇల్లు కావాలట, ఇంటాయన ఒప్పుకుంటే చేస్తామన్నారు. ఇంటాయనను ఒప్పించాల్సింది నేను.

మామ మా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుని కాగితం చదవడం మొదలుపెట్టాడు. “కం...దక...రహిత... నాళాం...తర...” అక్కడ ఆగి నా వైపు చూశాడు. “ఇదేంది బిడ్డా, గోలకొండ కోటకా?”

ఆయన నవ్వాడు. సందులో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. నేను దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయాయి. లోపలి నుంచి అమ్మ గట్టిగా అరిచింది.

“లైనింగ్ అన్నా, లైనింగ్! జాకెట్‌కు ఏసినట్టు.”

“పైపుకు జాకెటేంది సెల్లే? సలి వెడ్తుందా దానికి?”

ఇంకో నవ్వు. అక్కడినుంచి లోపలికి పారిపోయాను. పోయి, ఎందుకో తెలియదు, అమ్మ బల్ల మీదున్న జాకెట్ చెయ్యి ఒకటి, కిరోసిన్ పోసుకోవడానికి గరాటులా అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకుని మళ్లీ బయటికి వచ్చాను. ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. చెయ్యి కుట్టు విప్పలేదు కాబట్టి గొట్టంలా ఉంది. దాని అంచును సీసా కోసిన అంచు మీదికి మడిచి, మిగతా బట్టను వేళ్లతో లోపలికి తోశాను. బట్ట తనను తాను తిరగేసుకుంటూ, లోపలిది బయటకు, బయటిది లోపలికి అవుతూ, సీసా గోడ వెంబడి దిగిపోయింది. మామ నవ్వు ఆపి వంగి చూశాడు.

“గిట్లనే పోతది మామా,” అన్నాను. గొంతు వచ్చింది. “బట్ట ఏడ గూడ రాసుకోదు, తిరగవడుకుంట పోతది. అందుకే ఒంకరున్నకాడ గూడ పోతది. గట్టిపడ్డంక అతుకులుండయ్. అతుకు లేకపోతే యాప చెట్టు ఏర్లు సొర్రయ్, నీళ్లు సంపులకు ఊరయ్.”

“పైపు సన్నగయితది గదా?”

“జరంత అయితది. గని లోపల నున్నగుంటది. ఇప్పుడున్న గరుకు, ఏర్లు, పగుళ్లు పోతే నీళ్లు ఇంకా జల్ది పోతయ్.”

“మేస్త్రీకంటే ఎక్కువడుగుతరు గావొచ్చు.”

“పైపు వరకు సూస్తే ఎక్కువే మామా. గని బండలు లేపుడు, గోడ కింద తవ్వుడు, మల్ల సిమెంటు, మల్ల బండలు, అవన్ని కలిపి సూడు. ఇల్లు ఖాళీ వెట్టుడు గూడ కలుపు. ఇది ఒక్క పూట పని.”

ఇన్ని మాటలు ఒక్కసారిగా నా జీవితంలో ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడలేదు. మాట్లాడాక చెప్పాల్సిన మాట ఇంకొకటి మిగిలింది. అది కూడా చెప్పాను. “పైపు కూలిపోయి మూసుకుపోతే మాత్రం ఇది పనికిరాదు. గప్పుడు తవ్వాల్సిందే. కెమెరా వెట్టి సూస్తే గని తెల్వదు.”

మామ సీసాలోంచి జాకెట్ చెయ్యిని లాగాడు. అది మళ్లీ తిరగబడుతూ బయటకు వచ్చింది. ఇంకోసారి తానే తోసి చూశాడు. “మేస్త్రీని సోమారం రమ్మన్న,” అన్నాడు. “గాలోపు కెమెరా వెట్టిచ్చు. మంచిగుంటే మంచిదే. పైపు కూలి ఉన్నదనుకో, ఇగ నన్నేం అనొద్దు. ఖాళీ జెయ్యాలె.”

కెమెరా వచ్చిన రోజు శనివారం. కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు చాంబర్ మూత తీయించి, ముందు నీళ్ల ప్రెషరుతో పైపు కడిగించాడు. తర్వాత లైటున్న చిన్న కెమెరాను బలమైన వైరు చివర పెట్టి లోపలికి తోశాడు. మెట్టు మీద చిన్న టీవీ. దాని చుట్టూ మామ, అమ్మ, నేను.

ఎప్పుడూ చూడని చోటు అది. ఎర్రమట్టితో కాల్చిన గుండ్రటి దారి, మెల్లగా ముందుకు జరుగుతోంది. అతుకుల దగ్గర వేర్లు జడల్లా వేలాడుతున్నాయి. “నా పేగులు నేనే సూసినట్టుందిరా భయ్,” అన్నాడు మామ. ఇల్లు కట్టేటప్పుడు ఆ పైపులు ఒక్కొక్కటీ ఆయనే అందించాడట. పగులు కనిపించింది. పొడవుగా, వెంట్రుకలా మొదలై వెడల్పవుతూ పోయింది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

“ఇప్పుడు మీ నడిమి రూం కింద ఉన్నాం,” అన్నాడు ఇంజనీరు.

అక్కడ తెర మీద నల్లటి గుంత వచ్చింది. కెమెరా ఆగింది. పైపు పక్కన పెద్ద పెంకు ఊడిపోయి, అందులోంచి మట్టి కనిపిస్తోంది. మామ కండువాతో మెడ తుడుచుకున్నాడు. నాలో ఏదో ఒకటి అప్పుడు కూడా పైపు కూలాలనే కోరుకుందా? ఆ నిమిషం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకు గుర్తున్నది అమ్మ వేళ్ల బిగువొక్కటే. సూది గుచ్చి గుచ్చి మొద్దుబారిన వేళ్లు. అవి నా మోచేతిని పట్టుకున్నంత సేపు ఇంకేమీ కోరుకోలేకపోయాను.

“గా చినుగుకు అతుకు వడ్తదా సారూ?” అడిగింది అమ్మ.

ఇంజనీరు వైరును కొంచెం వెనక్కి లాగి, తిప్పి, మళ్లీ తోశాడు. కెమెరా ఆ గుంత పక్కనుంచి దూరి ముందుకు పోయింది. అవతల మళ్లీ గుండ్రటి దారి. “పడ్తదమ్మా. పెంకు పోయింది గానీ పైపు కూలలేదు. గుండ్రంగనే ఉంది. వేర్లు కోసేసి లైనింగ్ వేసేయొచ్చు.”

“లైనింగ్,” అన్నాడు మామ నా వైపు తిరిగి. “గీ సార్ కందకం అంటలేడేంది?”

మేస్త్రీకి ఫోన్ చేసి సోమవారం రావద్దన్నాడు.

లైనింగ్ వేసిన రోజు ఇంట్లో ఎవరూ నీళ్లు పారబొయ్యద్దన్నారు. స్నానాలు పక్కింట్లో. నాకు కూర్చోబుద్ధి కాలేదు. చాంబర్ దగ్గరికి, గదిలోకి, మళ్లీ చాంబర్ దగ్గరికి. మా షెడ్డులో చుట్టి పెట్టి ఉండగా చూసిన ఫెల్ట్ గొట్టం ఇప్పుడు మందు తాగి బరువుగా, జిగటగా ఉంది. గోళ్ల రంగు వాసన సందంతా. గాలి యంత్రం మొదలవగానే అది మూతి మడుచుకుని, నా సీసాలో జాకెట్ చెయ్యి పోయినట్టే, చీకట్లోకి తిరగబడుతూ పోయింది. మా గదుల కిందనుంచి పోతున్నా పైన ఏ చప్పుడూ లేదు. అమ్మ మిషన్ ఆపనే లేదు. పెళ్లివాళ్ల జాకెట్లు ఇవ్వాల్సి ఉంది. తర్వాత వేడినీళ్లు పెట్టినప్పుడు మాత్రం చెప్పు విడిచి బండ మీద అరికాలు ఆనించి, “ఎచ్చగున్నది సూడు,” అంది. నేనూ పెట్టాను. నాకేం తెలియలేదు. “అవునమ్మా,” అన్నాను.

సాయంత్రం మళ్లీ కెమెరా పెట్టి చూపించారు. వేర్లు లేవు, పగుళ్లు లేవు. పాలిపోయిన రంగులో, ఎక్కడా అతుకు లేకుండా, చివరిదాకా నున్నటి దారి. కుంగిన బండలు రెండు మూడు లేపి, కింద ఇసుక నింపి, అవే బండలు మళ్లీ పరిచారు. మిగతావి కదల్చలేదు. కొన్ని రోజులకు సంపులో వాసన పోయింది.

ఆఫీసులో కాగితం మార్చాను. “తవ్వకుండా పైపు రిపేరు: లోపల లైనింగ్” అని పెట్టాను. సార్ చదివి, “పేరు చిన్నగైపోయింది కదమ్మా,” అని కొంచెం నిరాశపడ్డాడు. మామ మాత్రం పాత కాగితం దాచుకున్నాడు. అప్పటినుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. గేటు తీస్తే చాలు, “ఏం కవచం, డ్యూటీ అయిందా?” అనేవాడు. చుట్టాలొస్తే మెట్టు మీద కూర్చోబెట్టి సీసా, జాకెట్ చెయ్యి అడిగి తెప్పించుకుని తానే చూపించేవాడు. అమ్మ విసుక్కుంటూనే ఇచ్చేది.

నా కాళ్లు మాత్రం నిలవలేదు. ఇల్లు నిలబడింది, నేను నిలవలేకపోయాను. కొన్నాళ్లు కోపం కూడా వచ్చేది, ఎవరి మీదో తెలియదు. అర్థం కావడానికి సమయం పట్టింది. ఆ సాయంత్రం నేను కోరుకున్నది ఖాళీ చెయ్యడం కాదు, పోవడం. ఖాళీ చేస్తే ఇద్దరం పోతాం, అమ్మకు కిటికీ ఉండదు. అమ్మ ఆ కిటికీ దగ్గర ఉంటేనే నేను పోగలను.

తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం దొరికింది. హాస్టల్లో ఉండొచ్చన్నారు. బ్యాగు సర్దుకున్న పొద్దున అమ్మ మిషన్ ముందు నుంచి లేవలేదు, కళ్లు తుడుచుకుంటూ, “ఆదివారం రా, జాకెట్లు ఉంటయ్, హుక్కులు కుట్టాలె,” అంది. బయటికి వచ్చాను. మామ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికే దగ్గు పట్టుకుంది, కండువా మెడకు చుట్టుకున్నాడు. ఆ చలికాలంలోపే, నేను ఊళ్లో లేని ఒక రోజు, ఆయన పోయాడు.

బ్యాగు చూసి, “ఖాళీ జేస్తున్నవా?” అన్నాడు.

“లే మామా. నేనొక్కదాన్నే.”

ఆయన తలూపాడు. నేను గేటు దాటాక వెనకనుంచి అన్నాడు:

“మీ అమ్మ ఫికర్ జెయ్యకు కవచం, ఆమె యాడికి వోదు. పోయిరా. గేటు దగ్గరికేసి పో, మేకలొస్తయ్.”